లోడు చూసే మహిపాల్

ఎల్బీనగర్‌లో మోటార్ల వైండింగ్ చేసే మహిపాల్‌కు ఒకటే రోగం: మనిషి కనబడితే చాలు, హార్స్‌పవర్ కట్టేస్తాడు. ఒక పెళ్లిలో పక్కన కూర్చున్న బ్యాంకు మేనేజరుతో, "మీరు మూడు హెచ్‌పీ ఉంటరు సార్. నడిచేది మాత్రం అర మీదనే" అన్నాడు. మేనేజరు పెరుగన్నం వదిలేసి లేచిపోయాడు.

చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్ మోటారు చూడబోతే అరుణజ్యోతి దొరికింది. గేటు దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్ల చేత సంతకాలు పెట్టించడం ఆమె ఉద్యోగం.

"ఏం చదివినవ్ బిడ్డా?"

"బీటెక్ కాకా. ఎలక్ట్రికల్."

మహిపాల్ తల పట్టుకున్నాడు. "ఐదు హెచ్‌పీ మోటరు పెట్టి చెంబుల నీళ్లు నింపుతున్నరు!"

ఇక ఆ దారిన పోయినప్పుడల్లా బండి ఆపి, వీధంతా వినేలా "లోడెంత బిడ్డా?" అని కేక. హాస్టల్ యజమాని ధనరాజ్‌కు చిర్రెత్తింది. "ఇంకోసారి గాయన ఈడ ఒర్రితే నిన్ను తీసేస్త" అన్నాడు. ఉన్న ఉద్యోగమూ ఊడేలా ఉందని అరుణజ్యోతికి దిగులు పట్టుకుంది.

హాస్టల్ మోటారు కాలిపోయిన రోజునే, ఎవరికి ఉద్యోగం ఉందో లెక్క రాసుకునే సర్వే అబ్బాయి వచ్చాడు.

"పోయిన వారంల ఒక్క గంటన్న పని చేసిన్రా మేడమ్?"

"దినాం చేస్త."

"అయితే ఉద్యోగం ఉన్నట్టే."

మోటారు విప్పుతున్న మహిపాల్ స్పానరుతో సహా ఉరికొచ్చాడు. "మోటరు తిరుగుతుందా అని అడిగినవ్. నీళ్లెన్నొస్తున్నయో అడగవా?"

"గంటలు తక్కువైతే దానికి వేరే లెక్కుంది సార్."

"గంటలు నిండుగనే ఉన్నయ్. చదువే ఖాళీగున్నది. అది రాస్కో!"

"మరి దాన్ని దేనితోటి కొలవాలె? మీరే చెప్పున్రి."

మహిపాల్ స్పానరుతో వీపు గోక్కున్నాడు.

మర్నాడు కుడిచేతికి ఇంత కట్టుతో ప్రత్యక్షమయ్యాడు. "చెయ్యి బెణికింది ధనరాజన్నా. ఈ పిల్లను వైండింగ్‌కు నా షాపుకు పంపు, లేకుంటే నీళ్లు లేవు."

అప్పటికే అమ్మాయిలంతా బకెట్లతో మెట్ల మీద నిలబడి ఉన్నారు. ధనరాజ్ పంపక ఏం చేస్తాడు?

షాపులో మహిపాల్ స్టూలు మీద కూర్చుని తిడుతూనే ఉన్నాడు, ఆమె రాగితీగ చుడుతూనే ఉంది. సాయంత్రం హాస్టల్‌కు తెచ్చి బిగించి స్విచ్ వేస్తే మోటారు ఉల్టా తిరిగింది. ఆమె మొహం వాడిపోయింది.

"తిరిగింది గద! రెండు వైర్లు అటిటు మార్చు."

మార్చింది. పై అంతస్తుదాకా నీళ్లెక్కాయి. అమ్మాయిలు ఈలలు వేశారు. ధనరాజ్ తన హాస్టళ్లన్నిటి మోటార్లూ ఆమెకే అప్పగించి, గేటుకు ఇంకో మనిషిని వెతుక్కున్నాడు.

ఆ మాట చెబుదామని ఆమె షాపుకు వెళ్తే, మహిపాల్ కట్టున్న చేత్తోనే బరువైన మోటారును బల్ల మీదికి ఎత్తుతున్నాడు. కట్టు ఎడమచేతికి ఉంది.

"కాకా, బెణికింది కుడిచెయ్యి గద?"

మహిపాల్ రెండు చేతులూ మార్చి మార్చి చూసుకున్నాడు. "ఆ సర్వే సార్ మల్లొస్తే చెప్పు బిడ్డా. లోడు పెడితేనే చదువెంతో తెలుస్తదని."

తర్వాత గొంతు తగ్గించాడు. "కుడిచేతికి దురద పెడుతుంటే ఇటు మార్చిన. ధనరాజన్నకు చెప్పకు."