ఒకే ట్రంకుపెట్టె

ఆదివారం హాస్టల్లో పిల్లను చూసి రమ్మని భార్య యశోదమ్మ పంపిస్తే, బయ్యన్న ఆ పిల్లను ట్రంకుపెట్టెతో సహా బండి మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చేశాడు. చిన్నకూతురు నందిని. ఏడేళ్లది. అక్కలాగే చదువుకుంటుందని ఈ ఏడే హాస్టల్లో వేశారు. గేటు దగ్గర ఆయన పంచె పట్టుకుని వదల్లేదు. విడిపించుకోవడం చేతకాక కాదు, అక్కర్లేదనిపించింది. ఊళ్లో బడి లేదా ఏమన్నా?

బయ్యన్న ఏ పని చేసినా అంతే. చేసేదాకా ఎవరికీ చెప్పడు, చేశాక ఎవరికీ సంజాయిషీ ఇవ్వడు. నలభై దాటాక నందిని పుడితే, "ఏమప్పా, మనవరాలా?" అని ఊరంతా ఎగతాళి చేసింది. "కూతురే. మీకు చేతనైతే మీరూ కనండప్పా" అంటూ పాపను భుజానేసుకుని బజారంతా తిరిగాడు.

ఊరు ఊరుకుంది గానీ, ఇప్పుడు పెద్దకూతురు వనజాక్షి ఊరుకోలేదు. ఆమె తాడిపత్రిలో నర్సు. సెలవుకు ఇంటికొచ్చి వసారాలో పెట్టెను చూసింది. ఒకప్పుడు అది తనదే. మూత మీద తన పేరు చెరిపి చెల్లెలి పేరు రాయించారు. అదే హాస్టలు, తననూ వేసింది ఆ వయసులోనే.

"నేను ఏడిస్తే గేటు కాడ్నే ఇడిసిపెట్టి పోతివి. ఇది ఏడిస్తే ఇంటికి తెస్తివి. నేను నీ బిడ్డను కాదా నాయనా?"

ఇంకో తండ్రయితే తల దించుకునేవాడేమో. బయ్యన్న దించుకోలేదు.

"నువ్వు పుట్టినప్పుడు నాకు పాతికేండ్లు పాపా. ఆ నాయన వేరు, ఈ నాయన వేరు. ఇద్దర్నీ ఒకే తీరుగా పెంచల్లంటే యాడైతాది?"

ఆ జవాబు ఆమెకు ఎక్కలేదు. "నేను బతకలేదా? ఇదీ బతుకుతాది. రేపు నేనే ఇడిసొస్తా."

"ఇడిసిరా పో" అన్నాడు.

తేలిగ్గానే అన్నాడు గానీ లోపల భయమేసింది. చిన్నదాని గురించి కాదు. పెద్దది చెల్లెల్ని నిజంగా వదిలేసి వచ్చిందంటే, ఆ గేటు దగ్గర తన మీద పెంచుకున్న కోపం ఇక ఈ జన్మకు తగ్గదు. అంతలోనే తేరుకున్నాడు. ఎంతైనా తన బిడ్డ, తనకు తెలీదా?

తెల్లారి అక్కాచెల్లెళ్లు పెట్టెను ముందు పెట్టుకుని స్కూటీ మీద వెళ్లారు. బయ్యన్న చీనీకాయల తోటకు నీళ్లు పెట్టబోతూ, "నలుగురికి సంగటి కెలుకు" అని భార్యకు చెప్పిపోయాడు.

మధ్యాహ్నం ఆయన కాళ్లు కడుక్కుంటుంటే స్కూటీ వచ్చి ఆగింది. పెట్టె ముందరే ఉంది. నందిని వెనక అక్క నడుము కరుచుకుని కూర్చుంది. బయ్యన్నకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

వనజాక్షి నేరుగా తండ్రి దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నేనూ ఇట్లే ఏడిస్తినా?"

"ఇంతకన్నా జాస్తి."

"నావల్ల కాలేదు నాయనా. నీకెట్ల చేతనాయె?"

బయ్యన్న చెంబు కింద పెట్టాడు.

"అప్పుడు ఇంట్లో సంగటి లేదు పాపా. బోరు ఎండిపాయె. చీనీ చెట్లు కొట్టేసి, మీయమ్మా నేనూ బెంగుళూరికి కూలికి పోతాంటిమి. హాస్టల్లో అయితే నీకు మూడు పూటలా పెడతారు. అందుకే బస్సెక్కేదాకా చెవులు మూసుకోని పోతి. ఇప్పుడు ఇంట్లో ఉండాది. ఇంగ చెవులెందుకు మూసుకోవల్ల?"

వనజాక్షి లోపలికి వెళ్లి నాలుగు కంచాలు పెట్టి, మొదటి ముద్ద తండ్రి కంచంలో వేసింది.

"రా నాయనా, చల్లారిపోతాది."