రెండు గదుల ఇంట్లో బుజ్జి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే పెద్ద ప్రాణి పేరు బుజ్జి. నాన్న స్టూడియోలో వ్యాను నడిపేవారు. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళావాళ్ల గ్రేట్ డేన్ కుక్క పిల్లల్ని పెడితే, అందులో ఒకదాన్ని ముచ్చటపడి నాన్న చేతిలో పెట్టారు. తెచ్చిన రోజు అది నా ఒళ్లో నిద్రపోయింది. నాలుగు నెలలు తిరిగేసరికి ముందుకాళ్లు నా భుజాల మీద వేసి నిలబడటం మొదలుపెట్టింది.

ఫిల్మ్ నగర్‌లో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అమ్మ కుట్టు మిషను. గుంటూరు వైపు నుంచి వచ్చాక అమ్మ షూటింగులకు బట్టలు కుట్టేది. బుజ్జి తోక ఊపితే స్టూలు మీది గ్లాసులు కిందపడేవి. నేను బడి నుంచి రాగానే అది ఈ గోడ నుంచి ఆ గోడకు గంతులేసేది. "వద్దు, దిగు, ఆగు" అని కేకలు పెడుతూ దాని వెనకాల పరుగెత్తేదాన్ని. ఒకరోజు ఆ పరుగులోనే బుజ్జి, అమ్మ కుడుతున్న పట్టు లంగా అంచు కరచుకుని మంచం కింద దూరింది. అంచు మూరెడు చిరిగింది.

మర్నాడంతా కూర్చుని అమ్మ దాన్ని అతుకు కనబడకుండా సరిచేసింది. తర్వాత నాన్నతో ఒకే మాట అంది: "నెలాఖరుకల్లా ఈ కుక్కని ఆ బంగళావాళ్లకిచ్చేసి రండి. నన్ను నమ్మి ఇంకెవరైనా బట్ట ఇస్తారా?" నాకు ఏడుపాగలేదు. అలాగని అమ్మది తప్పని కూడా అనలేకపోయాను.

మా సందు చివర పాకలో షేక్‌పేట తాత గుర్రాలను కట్టేసేవాడు. షూటింగులకు వాటిని నడిపించుకెళ్లే మనిషి. గుర్రాలకు గడ్డి వేస్తూనే నా గోడు విన్నాడు, విని మా ఇంటికొచ్చాడు. బుజ్జి ఎగిరి ఆయన మీద పడింది. అలవాటుగా నేను అరిచాను. ఆయన చెయ్యి కూడా ఎత్తకుండా, వీపు తిప్పి కదలకుండా నిలబడ్డాడు. బుజ్జి ఇంకో రెండుసార్లు ఎగిరి, విసుగొచ్చి కూలబడింది. అప్పుడు తాత వంగి దాని చెవి నిమిరాడు.

"నువ్వు ఒర్లుతున్నవ్ బిడ్డా. నువ్వు గూడ ఆడుతున్నవని అనుకుంటున్నది అది. జర ఓపిక వట్టు. అది కూసుంటెనే బువ్వ గిన్నె కింద వెట్టు. పొద్దుగాల కొండరాళ్ల దాక నడిపియ్యి. ఉరికియ్యకు, ఎముకలింక లేతగున్నయ్."

మొదటి రోజు గిన్నె ఎత్తీ దించీ నా చేతులు పడిపోయాయి. నోరు మూసుకోవడం దానికంటే కష్టమైంది. నాలుగో రోజున, గిన్నె చూడగానే బుజ్జి తనంతట తానే కూర్చుంది. ఆ తర్వాత గడప దగ్గర కూడా అదే పద్ధతి పెట్టాను. నేను అరచెయ్యి చూపిస్తే ఆగాలి, రమ్మంటేనే లోపలికి రావాలి.

నెలాఖరు దగ్గరపడింది. ఆ ఆదివారం అమ్మ పెళ్లి సీనుకని తెల్ల పట్టు గదినిండా పరిచి కత్తిరిస్తోంది. ఆ బట్ట తెచ్చినాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బయట వాన. నాన్న చేతిలోని తాడు విడిపించుకుని బురద కాళ్లతో బుజ్జి నేరుగా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. అమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. నా గొంతుదాకా వచ్చిన కేకను మింగి, గుమ్మానికి ఎదురుగా నిలబడి అరచెయ్యి చూపించాను.

బుజ్జి గడప అవతలే ఆగింది. ఒళ్లంతా వణుకుతున్నా నా ముఖం చూస్తూ అక్కడే కూర్చుంది. పట్టు మీద ఒక్క చుక్క పడలేదు.

"ఎవరు నేర్పారండీ దీనికి?" అన్నాడాయన.

"మా అమ్మాయండీ," అంది అమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మెడ నిటారుగా ఉంది. బుజ్జిని పంపించే సంగతి మళ్లీ ఎత్తలేదు.

వానలోనే పరుగెత్తి తాతకు చెప్పాను. "నాదేముంది? ఓపిక వట్టింది నువ్వు గద," అని నవ్వాడు. బుజ్జి ఆ రెండు గదుల్లోనే ఎనిమిదేళ్లు దర్జాగా బతికింది.

నేను తర్వాత పంతులమ్మనయ్యాను. ఎంత అల్లరి తరగతి ఇచ్చినా, ముందు నేను మాట్లాడటం ఆపి నిలబడేదాన్ని. పిల్లలు ఒక్కొక్కరే సర్దుకుని కూర్చునేవారు. ఇన్నేళ్లలో బెత్తం పట్టలేదు, గొంతు చించుకోలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.