చుక్కి బిళ్ల

గట్టయ్య ముప్పయ్యొక్క ఏళ్లు బొగ్గుబావి ల్యాంప్‌రూంలో చేసి రిటైరయ్యాడు. బావిలోకి దిగినవాడి నంబరు బిళ్ల ఒక కొక్కేనికి, పైకొచ్చినవాడి బిళ్ల ఇంకో కొక్కేనికి. బిళ్లలు సరిపోతే మనుషులు సరిపోయినట్టే. ఇంత తేలికైన పద్ధతి లోకమంతా ఎందుకు పాటించదో ఆయనకు ఏనాడూ అర్థం కాలేదు.

రిటైరయ్యాక పాత మినీబస్సు ఒకటి కొని, సీట్లు పీకించి, మంచం, పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టించాడు. ఆయన కంపెనీ క్వార్టర్ ఉన్న సెంటినరీ కాలనీ వాళ్లు దానికి ‘ఉరికే క్వార్టర్’ అని పేరుపెట్టి తెగ నవ్వారు. నవ్వితే ఆయనకేం? భార్య సారవ్వనూ, లాలు, చుక్కి అనే రెండు కుక్కలనూ ఎక్కించుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. బస్సులోనూ ల్యాంప్‌రూం చట్టమే. కుక్క దిగితే దాని ఇత్తడి బిళ్ల మెడపట్టీకి, ఎక్కితే స్టీరింగ్ పక్కన కొక్కేనికి.

ఆ రోజు కాళేశ్వరం ప్రయాణం. కమాన్‌పూర్ దాటాక ఒక హోటల్ దగ్గర చాయ్‌కి ఆగారు. చుక్కి బురదలో దొర్లింది. సారవ్వ దాని మెడపట్టీ విప్పి కడిగి, బిళ్ల ఎక్కడ పోతుందోనని తెచ్చి కొక్కేనికి తగిలించింది. గట్టయ్య వచ్చాడు, కొక్కెం చూశాడు, రెండు బిళ్లలు. వెనక తలుపు వేసి బండి తీశాడు. కుక్కను ఆయన ఎక్కించాడనుకుని సారవ్వ ముందు సీట్లో కూర్చుంది.

దారి పొడుగునా వెనక లాలు ఒకటే మొరగడం.

“జర ఆపి చూడరాదయ్యా. అది ఊకె మొత్తుకోదు.”

“రెండు బిళ్లలున్నయ్ గదనే. నీకు అన్నిటికీ ఫికరే.”

మంథని పొలిమేరలో నీళ్లకని ఆగి తలుపు తీస్తే ఒకటే కుక్క. గట్టయ్య మంచం కింద రెండుసార్లు వెతికాడు. చుక్కి పట్టే వీలే లేని పొయ్యి గూట్లో కూడా చూశాడు.

“బిళ్ల నేనే తగిలేసిన,” అంది సారవ్వ.

ఆయన తిట్టలేదు. బస్సు వెనక్కి తిప్పాడు. చేతి గడియారం చూశాడు. హోటల్ పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ వేళ అవుతోంది. క్వార్టర్లో ఉన్నప్పుడు ఆ చప్పుడు వింటే చుక్కి బాత్రూంలో బకెట్ వెనక దూరి గంటసేపు వణికేది. ఒకసారి తలుపు తెరిచి ఉంటే రోడ్డున పడి ఉరికింది, రెండో రోజుకు గానీ దొరకలేదు. ఇప్పుడు నాలుగు గోడలూ లేవు. ఉన్నది బొగ్గు లారీల రోడ్డు.

హోటల్ ఇంకో మలుపు దూరంలో ఉందనగా ఎర్రజెండా అడ్డం వచ్చింది. జెండా పట్టుకున్న ప్రశాంత్, కాలనీ పిల్లగాడే, బస్సును గుర్తుపట్టాడు.

“బ్లాస్టింగ్ ఉంది కాకా. సైరన్ అయ్యేదాక ఆగాలె.”

“కుక్క అవతల ఉండిపోయింది బిడ్డా. నడిచిపోయి జల్ది పట్టుకొస్త.”

“మీకు తెల్వందేముంది కాకా. నేనెట్ల పోనిస్త?”

తెలుసు. ఆ స్థానంలో తనున్నా పోనివ్వడు. అందుకే మరీ మండింది, జెండా మీద, గడియారం మీద, అన్నిటికంటే తన మీద.

“బెదిరి లారీల కిందికి ఉరికితే...” అంది సారవ్వ.

“నోరు ముయ్యి,” అన్నాడు. ఆ వెంటనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

నేల అదిరింది. అద్దాలు గలగలమన్నాయి. లాలు మంచం కిందికి దూరింది. గట్టయ్య కళ్లు మూసుకుని, లేని తోకను పట్టుకుని ఆపుతున్నట్టు స్టీరింగ్ బిగించాడు. తర్వాత సైరన్ మోగేదాకా గడిచిన నిమిషాలు ఎన్నో ఆయన చెప్పలేడు.

హోటల్ నడిపే శోభ రోడ్డుమీదే నిలబడి ఎదురుచూస్తోంది.

“మీ బండి ఎనక శానా దూరం ఉరికింది కాకా. దొరకకపోయేసరికి మళ్లొచ్చి గా జాగల పండింది. బన్నేసినా తినలే. బ్లాస్టింగయితుంటే లోపలికి గుంజిన, రాలే.”

ఇందాక బస్సు ఆగిన చోటే, నీడ కూడా లేని చోట, చుక్కి పడుకుని ఉంది. భయానికి కిందంతా తడి. ఇంకా వణుకుతోంది. అయినా కదల్లేదు.

గట్టయ్య ఆ దుమ్ములోనే చతికిలబడ్డాడు. అది కరిచినా బాగుండుననిపించింది. చుక్కి లేచి వచ్చి ఆయన చేతులు వాసన చూసింది, మోకాళ్లు, మెడ. తర్వాత సారవ్వ దగ్గరికి పోయి ఆమె కాళ్లు చూసింది. బస్సెక్కి మంచం కింద లాలును తల నుంచి తోకదాకా చూసింది. ముగ్గురూ ఉన్నారని తేలాకే వచ్చి నీళ్లు తాగింది.

గట్టయ్య దుమ్ములోంచి లేవలేకపోయాడు. ముప్పయ్యొక్క ఏళ్లు తను బిళ్లలే లెక్కపెట్టాడు గానీ, పైకొచ్చిన ఒక్క మనిషినైనా అట్లా చూసుకోలేదు.