మధ్య పట్టీ మీద బరువు

మోటారు ఆగిపోతే కాయిల్ కాలి ఉంటుంది, లేదా కెపాసిటర్ పోయి ఉంటుంది. దయ్యం పట్టి ఆగిన మోటారు ఇంతవరకు నా బల్ల మీదికి రాలేదు. రాయచూరులో నాది వైండింగ్ షాపు. ఏదైనా తేడా జరిగితే ముందు మనిషిని అనుమానిస్తాను. అప్పుడూ అదే చేశాను.

మా అన్న శేఖర్ కరెంటు ప్లాంటులో ఫిట్టరు. దేవసూగూరు దగ్గర కృష్ణ వెడల్పుగా నిలిచే చోట అతనికీ, అతని దోస్తు నర్సింహులుకీ ఒక చిన్న తెరచాప పడవ ఉండేది. ఎవరో ఇంజనీరు బదిలీ మీద పోతూ ఇచ్చి వెళ్లినది. అడుగున బరువైన ఇనుప రెక్క ఉంటుంది కాబట్టి తేలికగా తిరగబడదు. కానీ గాలి ఎక్కువైతే ఒక పక్కకు బాగా ఒరుగుతుంది. అప్పుడు ఎదుటి అంచు మీద కూర్చుని, పాదాలు పడవ లోపల కట్టిన పట్టీల కింద దూర్చి, వెనక్కి వాలాలి. మనిషి బరువుతోనే పడవ నిలబడుతుంది. నిలబడితేనే వేగంగా పోతుంది. చేతిలోని చాప తాడు వదిలేస్తే చాపలోంచి గాలి జారిపోయి నెమ్మదిస్తుంది.

ఆ పట్టీలు మా ఇంటి పాత మంచం నవారు ముక్కలు.

ఒక ఆషాఢంలో అన్న ఆ పడవ మీంచి పడి చనిపోయాడు. పట్టీ తెగిందని నర్సింహులు చెప్పాడు. "చాప తాడు శేఖర్ చేతులనే ఉండె. వదులురా అంటే ఇనలే. ఇంకా జోరుగ పోదాం అన్నడు," అన్నాడు.

ఇదే మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. మా అన్న స్కూటరును కూడా ఎద్దుబండిలా నడిపేవాడు. తెగిన పట్టీ ఏదంటే నదిలో పోయిందన్నాడు నర్సింహులు. తప్పు చచ్చినవాడి మీద వేసి తాను తప్పుకుంటున్నాడని నా అనుమానం. అమ్మకైతే అనుమానం కూడా కాదు, నిశ్చయం. అతను మా వాకిట్లో వచ్చి నిలబడితే గుక్కెడు నీళ్లు కూడా ఇచ్చేది కాదు. "నా కొడుకును నీళ్లల్ల ఇడిసి నువ్వెట్ల గట్టెక్కినవ్?" అని ఒకటే మాట.

మరుసటి ఆషాఢంలో నేనే అతని దగ్గరికి పోయాను. అదే పడవ, అదే గాలి, నన్ను ఎక్కించుకుని నడిపి చూపించమన్నాను. అబద్ధమైతే నీళ్ల మీద బయటపడుతుందని నా లెక్క.

"గిది శాన గాలి, తమ్మీ. దీనికి ముగ్గురు కావాలె. ఆ దినం గూడ మేమిద్దరమే ఉంటిమి," అన్నాడు.

తప్పించుకోవడానికే అంటున్నాడనుకున్నాను. పట్టు వదల్లేదు. అమ్మ పెట్టెలోంచి కొత్త నవారు తెచ్చి, మూడు ముక్కలూ సమానంగా కోసి, నేనే బిగించి కట్టాను. అతన్ని చేయి పెట్టనివ్వలేదు. మధ్యది అన్న చోటు. అక్కడ కూర్చోవడానికి మనసొప్పక నేను ముందు కూర్చున్నాను. నర్సింహులు వెనక, చుక్కాని దగ్గర, చాప తాడు పట్టుకుని.

పట్టపగలు. ప్లాంటు గొట్టాల పొగ పైకి లేవకుండా అడ్డంగా పరుచుకుని తూర్పుకు పోతోంది. నది మధ్యకు రాగానే గాలి కొట్టింది. పడవ ఒరిగి కింది అంచు నీళ్లలో మునిగింది. నడుము విరిగేలా వెనక్కి వాలాను. అయినా లేవలేదు. అబద్ధమెందుకు, ప్రాణాలు పోయాయనే అనుకున్నాను.

అంతలో పడవ తనంతట తాను సర్దుకుని నిలబడింది. గాలి తగ్గలేదు. ముక్కు పైకెత్తి, నీళ్లు మా ముఖాన కొడుతూ పరుగు పెట్టింది. ఇంకో మనిషి వచ్చి కూర్చున్నట్టే ఉంది.

మధ్య పట్టీ వైపు చూశాను. ఎవరో పాదాలు దూర్చి లాగుతున్నట్టు పైకి బిగుసుకుని ఉంది. గాలి తెరిపి ఇస్తే వదులవుతోంది, కొడితే బిగుస్తోంది. చెయ్యి వేసి నొక్కాను. దిగలేదు.

చాప వదలమని అరిచాను. నర్సింహులు చుక్కానిని మోకాలితో ఆపి, రెండు అరచేతులూ నాకు చూపించాడు. తాడు అతని దగ్గర లేదు. అయినా చాప నిండుగా బిగిసే ఉంది.

"సాలు శేఖరా," అన్నాడు, నా వైపు చూడకుండా. "తమ్ముడున్నడు. ఇడువు."

తాడు వదులైంది. చాప రెపరెపలాడింది. పడవ నెమ్మదించింది.

ఒడ్డుకు రాగానే కప్పీలో తాడు ఇరుక్కుందేమో చూశాను. వేలితో లాగితే వచ్చేసింది. పట్టీ కింద తీగో కొక్కెమో పెట్టాడేమోనని తడిమాను. ఏమీ లేదు. నర్సింహులు ఇసుకలో కూర్చుని ఏడుస్తున్నాడు. అప్పుడు కూడా నటనేమో అనుకున్నాను.

పట్టీలు విప్పి ఇంటికి తెచ్చాను. అతనూ వెంట వచ్చి వాకిట్లో ఆగిపోయాడు. జరిగిందేదీ అమ్మకు చెప్పలేదు. ముక్కలు ముందు పెట్టాను, అంతే. జీవితమంతా మంచాలు బిగించిన చేతులు ఆమెవి. నవారు మనిషి బరువు పడ్డచోటే సాగుతుందని ఆమెకు ఒకరు చెప్పాలా. నీళ్లు పిండి, మూడూ పక్కపక్కన పరిచింది. నాదీ నర్సింహులుదీ కొంచెం సాగాయి. మధ్యది అన్నిటికంటే పొడుగ్గా ఉంది.

"దీని మీద ఎవరు కూసున్నరు?"

"ఎవరూ లేరమ్మా. అది అన్న జాగా."

అమ్మ ఆ ముక్కను చుట్టి ఒళ్లో పెట్టుకుంది. "సిన్నప్పటి సంది గిట్లనే. నా ముందర నిదానం, నా కన్ను తప్పితే ఉరుకుడే," అంది. కళ్లు తుడుచుకుని, "నర్సింహులును లోపటికి పిలువు. నీళ్లియ్యి," అంది.

అమ్మ నమ్మింది. నేను మాత్రం ఇప్పటికీ ఆ కప్పీ గురించే ఆలోచిస్తుంటాను. తడికి నవారు సాగిందేమో అనుకుంటాను, కానీ తడిసినవి మూడూ. నాకు లెక్క తేలలేదు. ఆ రోజు చెంబు అందిస్తూ నర్సింహులు చేతులే చూస్తూ నిలబడ్డాను. నది మధ్యలో అవి రెండూ ఖాళీగానే ఉన్నాయి.