గరిటె మీద ఊపిరి

ఉయ్యూరు దాటి చెరకు తోటల్లోకి మలుపు తిరగగానే పాకం వాసన ముక్కుకి తగులుతుంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ పాకం పెనం ముందే బతుకుతున్నా, ఆ వాసనకి నాకు ఇవాళ్టికీ మస్తాన్ గారే గుర్తొస్తారు. బెల్లం వండడం నాకు నేర్పిన మనిషి ఆయన.

పాకం దగ్గరపడగానే గరిటెతో పైకెత్తి, గట్టిగా ఊది, నురగ తొలగాక తీగ చూసేవారు. ముందే దించితే బెల్లం గట్టిపడదు, కాస్త ఆలస్యమైతే మాడుతుంది. ఆయన ఊదితే చూడాలి, ఒక్క ఊదుకి నురగంతా పక్కకి పోయేది. అలాంటి మనిషి ఒక సీజన్లో ఊదబోయి దగ్గుతో వంగిపోయారు. ఆ వంట కాస్తా మాడిపోయింది. ముప్పై ఏళ్ల బీడీలు మరి. పాడైన ఊపిరితిత్తులు బాగవవని, మానేస్తే మాత్రం ఉన్నదైనా నిలబడుతుందని విజయవాడలో డాక్టరు గారు చెప్పారట. ఆ పూటే బీడీ కట్ట పొయ్యిలో పడేశారు.

మర్నాడు నన్ను పక్కన నిలబెట్టుకున్నారు. తీగ చూడడం ఆయన పని, ఊదడం నాది. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు, రోజుకో సిగరెట్ పెట్టె. మొదటి గరిటెకే నాకూ దగ్గొచ్చింది.

"పొయ్యి పొగ తప్పదురా వెంకటేశూ, కూటి కోసం. ఆ రెండో పొగ ఎందుకు?" అన్నారు.

ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు తాగిన మనిషా నాకు చెప్పేది అనుకున్నాను. అయినా మానేస్తానని మాటిచ్చాను. నాలుగో రోజే, బుద్ధి లేకుండా, ఎండు చెరకు పిప్పి కుప్ప వెనక నక్కి వెలిగించాను. తిరిగొస్తే ఆయన తిట్టలేదు. గరిటె నా ముందుకి ఎత్తారు. ఊదాను. నురగ కదిలింది గానీ తొలగలేదు.

"నా ఊపిరి నేను కాల్చేసుకున్నాను. ఇక నీ ఊపిరితోనేరా నేను వంట చెయ్యాలి."

సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ ముట్టుకోలేదు. తేలిగ్గా మాత్రం కాదు. టీ తాగినప్పుడల్లా చెయ్యి జేబులోకి పోయేది, ఇంట్లో అందరి మీదా విసుక్కునేవాణ్ణి. మెల్లగా ఆయాసం తగ్గింది, దగ్గు పోయింది. ఆ తర్వాత మూడు సీజన్లు ఆయన స్టూలు మీద కూర్చుని కళ్లతో, నేను ఊపిరితో, ఇద్దరం కలిసి బెల్లం వండాం.

ఆయన పోయాక ఆ స్టూలు అక్కడే ఉంచాను. ఈ పొద్దున తొలి వంటకి గరిటె ఎత్తి, ఇద్దరికీ సరిపడా ఊదాను. నురగ తొలగింది. తీగ చూసి, దించేయమన్నాను.