ఎడమ అంచుకు నీళ్లు

పసుపు చేలో గరిక కనిపిస్తే వేళ్లతో సహా పీకి గట్టున పారేసే ఇల్లు మాది. అలాంటి ఇంట్లో పుట్టి, సౌదీలో అభా కొండల మీద ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో గడ్డి పెంచే పనికి వచ్చాను. మొదటి నెలలో ఫోన్ చేసి పనేమిటో చెబితే మా ఆవిడ నమ్మలేదు. "గడ్డి వెంచుతె జీతమిస్తరా? నిజం చెప్పు, ఏం పని చేస్తున్నవ్?" అని నిలదీసింది. ఆరేళ్లయింది. ఇప్పుడు ఆ మైదానంలో ఎక్కడ మడమ దిగుతుందో, ఎక్కడ బంతి జారుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. గొప్పకే చెబుతున్నాను. నా గడ్డి మీద ఒక మనిషి నిలబడ్డాడు మరి, చెప్పుకోకుండా ఎలా ఉంటాను?

ఆ మనిషి ఇంగ్లండు నుంచి వచ్చిన వింగర్. అంటే మైదానం అంచు పట్టుకుని చివరిదాకా పరుగెత్తి, బంతిని గోలు ముందుకు కొట్టేవాడు. ఈయనది ఎడమ అంచు. ఇంగ్లండు ఆటగాడంటే టీవీలో కనిపించేవాడే వస్తాడని మా క్యాంపులో అందరం ఎదురుచూశాం. తీరా వ్యాను దిగింది ముప్పై అయిదేళ్ల మనిషి. నుదుటి మీద జుట్టు పలచబడింది, మోకాలికి పట్టీ ఉంది. "ఇంత దూరం తెచ్చింది గీయననా?" అని నేనే పైకి అనేశాను.

ఆయన కథంతా నాకు కడప యాసలోనే తెలుసు. క్లబ్బు వ్యాను నడిపే భాయ్‌ది కడప. నలుగురితో నాలుగు భాషలు మాట్లాడతాడు. రోజూ ఆయన్ని మైదానానికి తెచ్చి దింపి, దారిలో విన్నదంతా నా దగ్గర దించేవాడు.

"టీవీలో వచ్చే ఆటలు ఈయప్ప ఎప్పుడూ ఆడల్యేదన్నా. దానికింద ఇంగా మెట్లుంటాయంట. ఆ కింద మెట్ల మీదే పద్దెనిమిదేండ్లు తిరిగినాడు. పదిహేడు క్లబ్బులు మారినాడంట. ఎండాకాలం ఆటల్యాకపోతే ఇండ్లమీదికెక్కి పెంకులు పరిచేవాడంట."

"అన్ని క్లబ్బులెందుకు మారిండు?"

"యాడా రెండో ఏడు ఉండమన్నోడే ల్యాడన్నా. ప్రతి ఏడూ ఇల్లు సర్దుకోని పెండ్లాం పిల్లోల్లతో ఇంగో ఊరికి పోవడమే."

ఎండలో పెంకులు పరిచాడని తెలిసినప్పటి నుంచి ఆయన నాకు మావాడైపోయాడు. ఇంకో కారణం కూడా ఉంది. మ్యాచ్ రోజు పొద్దున బూట్లు విప్పి, ఒట్టి కాళ్లతో తన అంచు వెంట నడిచేవాడు. పది అడుగులకోసారి ఆగి మడమతో నొక్కి చూసేవాడు. చెప్పులు విప్పి చేలోకి దిగే మనిషిని చూసి ఎన్నాళ్లయిందో! మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నేల చూపించి చేతులు తిప్పుకుంటే సరిపోయేది.

ఆటలో మాత్రం ఏమీ కలిసిరాలేదు. చలికాలం మొదలయ్యేసరికి పది మ్యాచులైనా ఆయన కాలి నుంచి ఒక్క గోలు పుట్టలేదు. ఒక రోజు భాయ్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"గురువారం మ్యాచ్‌లో ఏమన్నా చేస్తే సరే, ల్యాకుంటే ఎగ్జిట్ కొట్టిస్తానని చెప్పేసినాడన్నా ముదీరు."

ముదీర్ అంటే మా క్లబ్బు మేనేజరు. ఇక ఎగ్జిట్ అనే మాట ఈ దేశంలో పనిచేసే ఎవడికీ విడమరిచి చెప్పక్కర్లేదు. సంచి సర్దుకో, మళ్లీ రాకు అని. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఏదో ఒకటి చేయాలనుకున్నాను. చేసి తగలబెట్టాను.

ఎడమ వింగర్ మొదటి సగంలో ఒక మూలకు దూసుకెళ్తాడు. రెండో సగంలో వైపులు మారతాయి గనక ఐమూలగా ఉన్న అవతలి మూలకు వెళ్తాడు. టాస్ ఎవరు గెలిచినా ఆయనకు ఆ రెండు మూలలే. పాత మోకాలు, గట్టి నేల మీదైతే సులువుగా పరుగెత్తుతాడని నా లెక్క. మూడు రోజులు ఆ మూలలకు చుక్క నీరు పోనివ్వలేదు. అభా పొగమంచుకు గడ్డి తడిసిపోతుందని తెల్లవారుతూనే పొడవాటి తాడు ఈడ్చి మంచు రాల్చాను. గురువారం పొద్దునకు రెండు మూలలూ కళ్లంలా గట్టిపడ్డాయి.

ఆయన బూట్లు విప్పి వచ్చాడు. మడమతో ఒకసారి నొక్కాడు, మళ్లీ నొక్కాడు. మొహం పాలిపోయింది. భాయ్‌తో ఏదో అన్నాడు.

"నా పక్కను ఎండగట్టినోడు ఎవురని అడుగుతాండాడన్నా. గట్టి నేల మీద ఇరవై ఏండ్ల పిల్లోల్లు నన్ను దాటి పోతారు. నేను బురదలో పెరిగినోన్ని, బురదలో అందరూ నా వయసోల్లే అంటాండాడు."

నాకు కాలింది. "మూడు దినాలు నడుమిర్గంగ ఆరవెట్టిన! ఇప్పుడు బురద గావాల్నంటె యాడికెల్లి తేవాలె? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది!"

అనేశాక సిగ్గేసింది. నాటు వేసేవాణ్ని అడగకుండా మడి ఎండబెట్టే రైతు ఉంటాడా? ఆ మనిషిని నేను ఒక్క మాటా అడగలేదు. తప్పు ముమ్మాటికీ నాది.

మ్యాచ్ నాలుగింటికి. ఇంకా ఆరు గంటలుంది. స్ప్రింక్లర్లు వదిలితే పైపైన తడిసి ఊరుకుంటుంది. అందుకని నాకు వచ్చిన విద్యే చేశాను. మూలల చుట్టూ గోనెసంచులు అడ్డం పెట్టి మడి కట్టాను. పైపు సన్నగా వదిలి, పసుపు బోదెకు పెట్టినట్టు నెమ్మదిగా తడి పెట్టాను. నేల జానెడు లోతు తాగేదాకా కదల్లేదు.

ముదీర్ చూడనే చూశాడు. "ఏష్ హాదా!" ఇదేమిటంటూ పరుగున వచ్చి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. గడ్డికి జబ్బు చేసింది, ఇదే మందు అని నాకొచ్చిన సగం అరబ్బీలో బొంకాను. తిట్టుకుంటూ వెళ్లాడు.

భాయ్ ఒకటే నవ్వు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూచున్నా ఒకటే గదన్నా!"

"నీళ్లు ఇద్దరికీ ఒక్కటే భాయ్. అవుతలి టీములకెల్లి గూడ ఎడమ పక్క ఆడెటోడు ఉంటడు. ఆనికీ గీ మూలలే. ఉరుకొస్తె ఉరుకుమను."

ఉరకలేకపోయాడు. అవతలి టీము ఎడమ వింగర్ మంచి వేగం ఉన్న కుర్రాడే. నేను తడిపిన రెండో మూలకు చేరేసరికి రెండుసార్లు జారి కూలబడ్డాడు. కానీ వాళ్లే మధ్యలోంచి వచ్చి ఒక గోలు కొట్టారు. సగం ఆటయ్యేసరికి మేం వెనకబడ్డాం. నేను పైపు చుట్ట మీద కూర్చుని ఎరిగిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

రెండో సగంలో బంతి ఆయన కాలికి అందింది. అంచు పట్టుకుని మూలకు పరుగెత్తాడు, ఆయన్ని కాపు కాసే అవతలి కుర్రాడు ఇంకొకడు పక్కనే. గడ్డి తడిసిన చోటికి రాగానే మనవాడు టక్కున ఆగాడు. కుర్రాడు ఆగలేక జారుకుంటూ వెళ్లి ప్రకటనల బోర్డుకు తగిలాడు. మనవాడు తీరిగ్గా తలెత్తి చూసి, బంతిని గోలు ముందుకు ఎత్తాడు. మావాడొకడు తలతో లోపలికి తోశాడు.

ఇంకొంచెం సేపటికి మళ్లీ అదే మూల. ఈసారి కుర్రాడు భయపడి రెండడుగులు దూరంగానే నిలబడ్డాడు. ఆ సందు చాలు. మనవాడు లోపలికి తిరిగి, పట్టీ ఉన్న కాలితోనే కొట్టాడు. బంతి వల కదిలించింది. నేను పార భుజాన వేసుకుని మైదానం అంచంతా పిచ్చోడిలా పరుగెత్తాను. ఆయన ఒళ్లంతా బురద. జన్మలో అంత అందమైన మనిషిని చూడలేదు.

శనివారం ముదీర్ ఆయన్ని గదికి పిలిచి మాట్లాడాడు. సాయంత్రం భాయ్ గడ్డి కోసే మిషను ఉన్న షెడ్డుకు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"వచ్చే ఏడు గూడా ఉండమన్నారన్నా. వ్యాన్లో కూచోని పెండ్లాంకు ఫోన్ చేసినాడు. స్పీకర్లో నాకూ ఇనపడింది. ఆయమ్మ 'ఈసారి ఏ ఊరు?' అనడిగింది. ఈయప్ప 'ఈ ఊరే' అన్న్యాడు. ఆయమ్మ నమ్మక ఇంగోసారి చెప్పమనింది. మళ్లా చెప్పినాడు. ఆయమ్మ ఏడ్సింది."

నేను చేతిలోని ఆకురాయి కింద పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చాను. భాయ్ కూడా.