సర్వనామాలు చదివి అన్నం పెట్టిన రోజులు

చదువంటే కంఠస్థం చేయడమేనని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుంది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పెళ్లయి జర్మనీలోని ఎష్‌బోర్న్‌కు వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. చిన్నప్పటి ఉబ్బసం వల్ల నేను బడి మొహం చూడలేదు, మా నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదివించాడు (ఆయన్ను తలుచుకుని రోజూ ఒక దండం పెట్టుకుంటాను, అది వేరే మాట). ఏ పాఠమైనా సరే, స్నానం చేసి, దీపం ముందు కూర్చుని, చేతులు జోడించి, కళ్లు మూసుకుని, మొదటి నుంచి చివరిదాకా రాగం తీస్తూ అప్పజెప్పడం మా ఇంటి పద్ధతి. "సమజ్ అయితదా కాదా తర్వాత సూద్దాం బిడ్డా, ముందుగాల నాలుక మీదికి రానియ్యి" అనేవాడు నాన్న. ఈ పద్ధతిలో చిక్కల్లా ఒక్కటే. ఏడెనిమిదులు ఎంత అని ఎవరైనా అడిగితే నేను ఏడొకట్ల దగ్గర బయలుదేరి రావలసిందే, నడిమిట్లో ఎక్కడం నాకు చేతకాదు. ఇంత సరంజామాతో నేను ఇగ్బో వ్యాకరణం మీదికి వెళ్లాను.

మా పై అంతస్తులో నైజీరియా ఆమె ఒకరు ఉండేవారు. నా మొదటి చలికాలంలో దగ్గు పట్టుకుని వదలకపోతే, డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని, చెయ్యి పట్టుకుని నడిపించుకు వెళ్లిన మనిషి. ఆ రోజు నుంచి నాకు ఆమె అక్క. ఆమెది మంచి ఇంగ్లీషు, నాది దేవుడు దయతలిచి ఇచ్చినంత ఇంగ్లీషు, అయినా మాకు మాటలు ఎప్పుడూ తక్కువ కాలేదు. అక్క నర్సు పని నేర్పే అవుస్‌బిల్డుంగ్‌లో రెండో ఏడు చదువుతుండగా ఊరి నుంచి వాళ్లమ్మ వచ్చింది. ఆ పెద్దమ్మకు ఇగ్బో తప్ప మరో భాష రాదు. షుగరు మనిషి, మధ్యాహ్నం అన్నం తిన్నాకే మాత్ర వేసుకోవాలి. అక్క పొద్దున్నే వండిపెట్టి డ్యూటీకి పోయేది. సాయంత్రం వచ్చి చూస్తే పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉండేది. అడిగితే ఆకలి లేదనేది, రాత్రి అక్కతో కూర్చుంటే మాత్రం తినేది. చర్చిలో తెలిసిన జర్మన్ పెద్దావిడ నాలుగు రోజులు వచ్చి వడ్డించి చూసింది, అప్పుడూ ముద్ద ముట్టలేదట.

"ఇంకొక్క వారం చూస్తాను. తినకపోతే చదువు మానేసి ఇంట్లో కూర్చుంటాను. అమ్మను పస్తు పెట్టి ఎవరికి సేవ చేసేది?" అంది అక్క ఒకరోజు మెట్ల మీద, బట్టల బుట్ట నడుముకు ఆనించుకుని.

"నేను వచ్చి కూర్చుంటాను అక్కా. మీ భాష నేర్పించు" అన్నాను.

"వారంలోనా?"

"కంఠస్థం చేస్తాను."

అక్క నా మొహంలోకి చూసి, నవ్వాలో జాలిపడాలో తేల్చుకోలేక, మర్నాడు ఒక చిన్న నోటుపుస్తకం రాసి ఇచ్చింది. అందులో ఎనిమిది అచ్చులున్నాయి. అవి నాలుగు నాలుగు చొప్పున రెండు జట్లు. ఒక జట్టువి రెండో జట్టువాటితో ఒకే మాటలో సాధారణంగా కలవవు, పెళ్లి భోజనాల్లో మగపెళ్లివారు ఒక బంతి, ఆడపెళ్లివారు ఒక బంతి కూర్చున్నట్టు. "అతడు", "ఆమె" అన్న తేడా లేదు, ఇద్దరికీ ఒకటే మాట. ఇది నాకు చాలా నచ్చింది. నచ్చనిది ఏమిటంటే పెద్దవాళ్లను "మీరు" అనే వీలు లేదు. "నువ్వు" అంటే గి, "మీరంతా" అంటే ఉను, అంతే. అంత పెద్దావిడను నువ్వు అనడానికి నాకు నోరు రాక, పుస్తకం అందుకున్న రోజు పైకి వెళ్లి పలకరించినప్పుడు ఉను వేశాను. పెద్దమ్మ వెనక్కి తిరిగి గదిలో ఇంకెవరున్నారా అని చూసింది.

ఆ వారమంతా మా ఇంట్లో పొద్దున్నే "ము, గి, య, అన్యి, ఉను, హ" అని నేను, నువ్వు, వాళ్లు, మేము అందరం మోగిపోయాం. దాని తర్వాత క్రియలు: రా, కూర్చో, నీళ్లు తాగు, అన్నం తిను.

"ఏందే ఇది, పొద్దుగాల్నే ఏ దేవునికి మొక్కుతున్నవ్?" అన్నాడు మా ఆయన ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి.

"సర్వనామాలు."

"మంచిగున్నది. అయిపోయినంక పిలువు, హారతి తీస్కుంట."

వారం తిరిగి, నేను వెళ్లి కూర్చోవలసిన రోజు రానే వచ్చింది. పెద్దమ్మ ఎదురుగా అన్నం, పులుసు వేడిచేసి పెట్టి, "దయచేసి అన్నం తిను" అందామని నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. ఆమె నన్నే చూస్తోంది. మెడలో జపమాల, ఒళ్లో చేతులు, పళ్లెం వంక కూడా చూపు లేదు. అక్క చదువంతా ఆ పళ్లెంలో ఉందనిపించింది. తెలిసిన దారి ఒక్కటే కదా. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతులు జోడించి, కళ్లు మూసుకుని, ము దగ్గర మొదలుపెట్టాను. నాన్న నేర్పిన రాగమే. ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్లీ మొదటికి రావాలి. ఆరు సర్వనామాలూ దాటి, రా, కూర్చో అంటూ నడిచి, చివరికి "రియె న్రి" దగ్గర, అంటే అన్నం తిను దగ్గర, ఊపిరాడక ఆగిపోయాను.

"ఇసే" అంది పెద్దమ్మ నెమ్మదిగా.

కళ్లు తెరిచేసరికి ఆమె కూడా చేతులు జోడించుకుని ఉంది. తర్వాత చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టింది. పళ్లెం ఖాళీ చేసి, మాత్ర తనే అడిగి వేసుకుంది.

సాయంత్రం అక్క యూనిఫాం కూడా మార్చుకోకుండా మా తలుపు కొట్టింది. "అమ్మకు ఏం చెప్పావు నువ్వు?"

సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను. అక్క మా గుమ్మంలోనే కూలబడి నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఇసే అంటే ప్రార్థన చివర అందరూ అనే మాటట, మన తథాస్తులాగా. వాళ్లింట్లో ఎవరో ఒకరు పైకి ప్రార్థన చెప్పనిదే ఎవరూ ముద్ద ఎత్తరు. మనుషులు లేని ఇంట్లో తనకోసం తాను చెప్పుకుని తినడం పెద్దమ్మకు ఎన్నడూ అలవాటు లేదు. ఆ జర్మన్ పెద్దావిడ మనసులోనే చెప్పుకుని వడ్డించిందేమో, వినపడలేదు. ఎప్పుడూ పక్కన ఉండి చెప్పే అక్కకు అసలు అది తట్టనేలేదు.

నాకు మాత్రం భయం పట్టుకుంది. దేవుడి పేరు లేకుండా పెద్దామెను మోసం చేశానే అని. అందుకని అక్క చేత అసలు ప్రార్థన రాయించుకుని, మర్నాడు అదే ఎత్తుకున్నాను. పెద్దమ్మ చెయ్యి అడ్డుపెట్టి ఆపేసి, వేళ్లమీద లెక్కపెట్టి చూపించింది: ము, గి, య. నిన్నటిదే కావాలట.

అక్క ఫోనులో అడిగితే పెద్దమ్మ ఏమందో తర్వాత తెలిసింది. "పాఠమని నాకు తెలియదా? 'నేను'తో మొదలుపెట్టి 'వాళ్లు' దాకా ఎవరినీ వదలకుండా తలుచుకుంది, తర్వాత అన్నం తినమంది. ఇంకేం మిగిలింది అడగడానికి?"

పెద్దమ్మ ఊరికి తిరిగి వెళ్లేదాకా మా మధ్యాహ్నపు ప్రార్థన అదే. అక్క చదువు పూర్తయింది, ఇప్పుడు ఇంకో ఊళ్లో పెద్ద నర్సు. నేనూ తర్వాత ఇగ్బో కొంచెం మాట్లాడగలిగాను, మధ్యలో ఎక్కడైనా ఎక్కి ఎక్కడైనా దిగగలిగినంత. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ పిల్ల కళ్లముందు కనిపిస్తుంది. కళ్లు తెరిస్తే తర్వాతి మాట ఎగిరిపోతుందేమోనని బిగించి మూసుకుని, ఎదుటి మనిషి ఏం చేస్తోందో కూడా చూడకుండా, ఊగుతూ అప్పజెప్పుకుపోతున్న పిల్ల. నవ్వొస్తుంది. దేవుడికి దండం కూడా పెట్టుకుంటాను. ఆ రోజు నాకు ఆ భాష ఇంకాస్త బాగా వచ్చి ఉంటే, "అన్నం తినండి" అని చక్కగా ఒక్క మాట చెప్పి ఊరుకునేదాన్ని. పెద్దమ్మ తినేది కాదు.